కుటుంబంతో పడవెక్కి గాలం వేయాలంటే

సీమలో పడవ షికారేంటి అని అడిగే రోజులు పోయాయి. కృష్ణా, తుంగభద్ర నీళ్ళు కాలువల్లో పారుతున్నాక అవుకు, వెలుగోడు, గండికోట, మైలవరం, పార్నపల్లె దగ్గరి చిత్రావతి రిజర్వాయరు, అనంతపురం వైపు పీఏబీఆర్ (పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు), ఇలా ప్రతి మూలా ఏదో ఒక నిండు నీళ్ళ చోటు ఉంది. నందికొట్కూరు దాటితే శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఉండనే ఉంది. సెలవుల్లో పిల్లాపాపలతో అక్కడికి వెళ్ళి, పడవ ఎక్కి, ఒక గాలం కూడా వేద్దామనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

గట్టు మీద కూర్చుని గాలం వేస్తే తప్పిపోయేది చేప ఒక్కటే. పడవలో అమ్మ, నాన్న, పిల్లలు, ఒక్కోసారి అవ్వ, తాత కూడా ఉంటారు. అందుకే చేపను ఎలా పట్టాలనే దానికంటే పడవలో ఎలా కూర్చోవాలనే దానికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను. వేటను పడవకు తగ్గట్టు మార్చుకోవాలి గానీ, వేట కోసం పడవను ఇబ్బంది పెట్టకూడదు.

ముందు అడగాల్సినవి

మన జలాశయాల్లో చేపల మీద హక్కు ఊరికే ఉండదు. లైసెన్సు ఉన్న మత్స్యకారులు, వాళ్ళ సహకార సంఘాలు ఆ నీళ్ళ మీద బతుకుతున్నాయి. చెరువులైతే చాలావరకు సంఘాలకు లీజుకు ఇచ్చి ఉంటారు. కాబట్టి మొదటి పని మత్స్యశాఖ కార్యాలయంలోనో, ఆ ఊరి సంఘం పెద్దమనిషినో అడగడం. సరదాకు ఒకటి రెండు గాలాలు వేసుకుంటామని మర్యాదగా అడిగితే చాలాచోట్ల సరేనంటారు. వద్దంటే ఆ రోజు గాలం ఇంట్లో పెట్టి షికారుకు మాత్రం వెళ్ళండి.

కొన్ని చోట్ల అడగనే వద్దు. శ్రీశైలం నీళ్ళు నల్లమలలోకి వెళ్ళిన మేర పులుల అభయారణ్యం ఉంది, అక్కడ వేట మాట ఎత్తకూడదు. తాగునీటి ట్యాంకులు, గుళ్ళ కోనేర్లు, సంగమేశ్వరం లాంటి క్షేత్రాల ముందు నీళ్ళు కూడా అంతే. డ్యాం గేట్లు, పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్, ముచ్చుమర్రి, మల్యాల పంపుల దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు. వాటి దరిదాపుల్లోకి పడవ పోనివ్వకండి.

కాలం సంగతి. జూలై, ఆగస్టుల్లో వరద నీరు వచ్చినప్పుడే బొచ్చె, రోహు, మోసు గుడ్లు పెడతాయి. మత్స్యశాఖ వేట ఆపించేది కూడా ఆ కాలంలోనే, తేదీలు కార్యాలయంలో తెలుస్తాయి. పైగా ఆ నెలల్లో సీమలో గాలి ఎలా వీస్తుందో మీకు తెలుసు. కుటుంబంతో వెళ్ళడానికి వానలు తగ్గి నీరు తేరుకున్న నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. శ్రీశైలంలో 885 అడుగుల నిండు మట్టం నుంచి నీరు దిగుతూ పోయేకొద్దీ ఒడ్డున బురద పెరుగుతుంది. ఎండాకాలంలో పిల్లలతో ఆ బురద దాటి పడవ ఎక్కడమే పెద్ద పని.

తెల్లవారగానే నీళ్ళ మీద ఉండి, పది గంటలకల్లా ఒడ్డుకు వచ్చేలా చూసుకోండి. పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, ఎండ తగులుతుంది, చేప కూడా లోతుకు పోతుంది.

పడవ, పడవ మనిషి

పర్యాటక పడవల్లో గాలం వేయనిస్తారో లేదో టికెట్ కొనే ముందే అడగండి. అవి తిప్పి తీసుకొచ్చేవి, ఒకచోట ఆగి ఉండేవి కావు. పుట్టి మన ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తుంది గానీ కుటుంబానికి అది సరిపోదు. గుండ్రంగా తిరిగే పుట్టిలో బరువు ఒకవైపు పడితే సర్దుకునే వీలు తక్కువ. అడుగు వెడల్పుగా ఉన్న ఫైబర్ పడవను, దాన్ని నడిపే మత్స్యకారుణ్ణి కలిపి మాట్లాడుకోండి. శ్రీశైలం ఒడ్డున విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. నీటి అడుగున ఎక్కడ ఏముందో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆయన రోజు కూలి పోకుండా ముందే మాట్లాడి ఇవ్వండి. ఎక్కే ముందు ఒక్క మాట అడగండి: "అన్నా, ఈపొద్దు గాలి ఎట్లుంటాది?" ఆయన ముఖం తిప్పి కొండవైపు చూసి, "రేపు రాండి సార్" అంటే వాదించకుండా వెనక్కి వచ్చేయండి.

లైఫ్ జాకెట్ల గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. 2023 మేలో అవుకు జలాశయంలో విహారానికి వెళ్ళిన కుటుంబం పడవ తిరగబడి ప్రాణాలు పోయాయి. పడవ వాళ్ళు ఇస్తారులే అనుకోకుండా మీ జాకెట్లు మీరే కొనుక్కుని తీసుకెళ్ళండి. పిల్లలకు పెద్దవాళ్ళవి వేస్తే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి జారి బిడ్డ కిందికి పోతుంది. పిల్లల జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చిందంటే అది పనికిరాదు. ఒడ్డున ఎక్కినప్పుడు తొడిగింది ఒడ్డున దిగాకే విప్పాలి. ఉక్కపోస్తోందని నడుమ విప్పితే తెచ్చి లాభం లేదు.

అవ్వ, తాత పడవ మధ్యలో, వీలైనంత కిందికి కూర్చోవాలి. చీర కట్టుకున్న వాళ్ళు కొంగు నడుముకు దోపుకోవాలి, గాలం మొదట తగులుకునేది కొంగుకే.

సామాను

పిల్లలకు, కొత్తవాళ్ళకు వెదురు గెడను మించింది లేదు. తొమ్మిది, పది అడుగుల సన్నటి గెడ, దాని పొడవుకు సమానంగా నైలాన్ దారం. రీలు ఉన్న రాడ్ కొనాలనుకుంటే ఆరేడు అడుగులది, స్పిన్నింగ్ రీలు ఉన్నది చాలు. దారం 0.30 మిల్లీమీటర్లు ఉంటే మనకు పడే చేపలకు బాగా ఆగుతుంది.

గాలాలకు నంబర్లు తిరగేసి ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది. పరిగెలకు, జిలేబీ (తిలాపియా) చేపలకు 8 లేదా 10, జెల్లలకు 4 తీసుకోండి. ఇంట్లోనే ప్రతి గాలానికీ లోపలి ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయండి. దీనివల్ల ఒకటి రెండు చేపలు జారిపోవచ్చు. అయినా బిడ్డ వేలికి గుచ్చుకుంటే గాలం వచ్చిన దారినే బయటికి వస్తుంది. కుటుంబంతో వెళ్ళే వాళ్ళు తప్పక చేయాల్సిన పని ఇదని నా ఉద్దేశం.

నీళ్ళ మీద తేలుతూ చేప ముట్టిందని చూపే బెండు కోసం అంగడికి పోనక్కర్లేదు. జొన్నదంటు తొక్క ఒలిస్తే వచ్చే బెండు వేలంత ముక్క కోసి దారానికి కట్టినా తేలుతుంది. థర్మాకోల్ వద్దు, పొడిపొడిగా రాలి నీళ్ళలోనే ఉండిపోతుంది. బెండు నిటారుగా నిలిచేంత సీసం ముక్కను గాలానికి జానెడు పైన నొక్కండి.

ఇవి కాక చేతి వల, చిన్న కత్తి, పట్టకారు, తడి గుడ్డ, మూత ఉన్న గాలాల డబ్బా, మందుల డబ్బా, ఐసు వేసిన పెట్టె కావాలి. తాగే నీళ్ళు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. సద్దికి బొరుగులో, ఉగ్గానో కట్టించుకుంటే పిల్లలు గొడవ చేయరు.

కార్బన్ రాడ్ ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన జలాశయాల ఒడ్డున రైతుల మోటార్లు, వాటికి లాగిన వైర్లు ఉంటాయి, నీరు నిండినప్పుడు కొన్నిచోట్ల లైన్లు చేతికందేంత కిందికి కనిపిస్తాయి. అలాంటి చోట రాడ్ ఎత్తకండి, ఒడ్డున వైరు నీళ్ళలో ఉంటే అక్కడ కాలు పెట్టకండి. ఉరుము వినిపిస్తే ఏ రాడైనా కింద పెట్టి నేరుగా ఒడ్డుకు రండి.

ముడి

జారిపోయిన చేపల్లో చాలావాటికి కారణం ముడే. ముందు రోజు సాయంత్రం మిద్దె మీద పిల్లలను కూర్చోబెట్టుకుని నేర్పండి. దారం కొసను గాలం కన్నులోంచి జానెడు బయటికి లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. ఇప్పుడు కన్ను పక్కన ఒక చిన్న సందు ఏర్పడి ఉంటుంది. కొసను అందులోంచి దూర్చండి, దూర్చగా పైన ఏర్పడిన పెద్ద సందులోంచి మళ్ళీ ఒకసారి తీయండి. బిగించే ముందు ముడిని తడపడం మరవకండి. పొడి దారం బిగిస్తే రాపిడికి వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. మెల్లగా లాగితే చుట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. మిగిలిన కొసను కొంచెం వదిలి కత్తిరించండి.

అదే సాయంత్రం గాలం బదులు ఒక నట్టు కట్టి, గెడను ఊపి నట్టును ముగ్గులో పడేలా వదిలే ఆట ఆడించండి. తల మీదుగా విసరడం నేర్పవద్దు. కింది నుంచి లోలకంలా ఊపి వదలడమే పడవలో పనికొచ్చేది.

ఎర

బోరు నీళ్ళు పారే చోటో, పేడదిబ్బ పక్కనో తవ్వితే వానపాములు దొరుకుతాయి. తడిమట్టితో సహా డబ్బాలో వేసి నీడన ఉంచండి. జెల్లలకు, జిలేబీలకు ఇదే మంచి ఎర. వానపామును ముట్టుకోవడానికి బెదిరే పిల్లలకు పిండిముద్ద ఇవ్వండి. గోధుమపిండిలో కాస్త బుడ్డల (వేరుశనగ) చెక్క పొడి, చిటికెడు పసుపు కలిపి గట్టిగా పిసికి, అందులో కొంచెం దూది కలపండి. దూది లేకపోతే నీళ్ళలో పడిన కాసేపటికే ముద్ద కరిగి పోతుంది. రోహు, మోసు లాంటివి ఈ ముద్దకు వస్తాయి. శనగగింజంత ముద్ద చాలు, పెద్ద ముద్ద పెడితే చేప అంచులు కొరికి పోతుంది.

తవుడు, చెక్క కలిపి తడిపిన ఉండలు నాలుగు వెంట ఉంచుకోండి. పడవ ఆగిన చోట వాటిని నీళ్ళలో వదిలితే చేపలు చేరతాయి. గంపలు గంపలు వేస్తే చేపల కడుపు నిండి గాలం ముట్టవు.

నీళ్ళ మీద

ఒడ్డు వదిలాక మొదట చుట్టూ చూడండి. ప్లాస్టిక్ సీసాలో, తెల్లటి ముక్కలో వరుసగా తేలుతుంటే అక్కడ వల ఉన్నట్టు. దూరంగా తిరిగి పోవాలి. అది ఒక ఇంటి కూడు.

చేప బయలు నీళ్ళలో కంటే ఆసరా ఉన్న చోట ఉంటుంది. మునిగిన తుమ్మచెట్లు, రాళ్ళ గుట్టలు, పాత గోడలు దానికి ఇష్టం. గండికోట నీళ్ళ కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళే ఉన్నాయి. 2020లో నీళ్ళు పెంచినప్పుడు జనం ఇళ్ళు వదిలి వెళ్ళారు. అలాంటి చోట గాలం వేసేటప్పుడు అది ఎవరి వాకిలో పిల్లలకు చెప్పండి. పడవ మాత్రం ఆ గోడల మీదికి పోకుండా గెడ, దారం అందేంత దూరంలో ఆపి, గాలాన్ని వాటి అంచుకు వదలండి.

ఆపడానికి తాడు కట్టిన రాయి వాడతారు. ఆ తాడు ఎప్పుడూ పడవ ముక్కుకే కట్టాలి. పక్కకు గానీ వెనక్కి గానీ కడితే గాలికి అల నేరుగా లోపలికి వస్తుంది. తాడు పొడవు లోతుకు మూడు రెట్లయినా ఉంటేనే పట్టు దొరుకుతుంది. రాయి ఇరుక్కుంటే బలంగా లాగి పడవను వంచకుండా తాడు కోసేయండి.

ఇక కూర్చోవడం. గాలం పట్టేవాళ్ళు ఇద్దరే ఉండాలి, ఒకరు ముందు, ఒకరు వెనక, చెరోవైపు తిరిగి. పిల్లలు వంతులవారీగా వేస్తారు. పెద్దవాళ్ళలో ఒకరు అసలు గాలం పట్టకూడదు. వాళ్ళ పని పిల్లలను, గాలిని, ఆకాశాన్ని కనిపెట్టి ఉండటమే. ఫోనులో వీడియో తీసే మనిషి వేరు, ఈ మనిషి వేరు. ఎవరూ లేచి నిలబడకూడదు. వాడని గాలాన్ని ఒళ్ళో పెట్టుకోకుండా డబ్బాలో పెట్టాలి.

బెండును ముందు నాలుగు అడుగుల లోతుకు కట్టి జిలేబీల కోసం చూడండి. రాకపోతే ఇంకా లోతుకు దించండి. ఎర అడుగుకు జానెడు పైన ఉంటే జెల్లలు అందుకుంటాయి. అరగంటలో బెండు కదలకపోతే చోటు మార్చండి.

చేప పడినప్పుడు

జిలేబీ అయితే బెండును టపటపా కొట్టినట్టు ఆడిస్తుంది. రోహు మెల్లగా పక్కకు జరుపుతుంది. జెల్ల ఒక్కసారిగా లోపలికి గుంజుకుపోతుంది. బెండు పూర్తిగా మునిగాక మణికట్టుతో చిన్నగా లాగితే చాలు, గెడను ఆకాశానికి ఎత్తితే చేప ఎగిరి ఎవరి ముఖానికో తగులుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైన క్షణం ఇదే. "పడింది పడింది" అని ఒకరు అరవగానే పడవలో ఉన్నవాళ్ళంతా అటువైపు వంగుతారు. పడవ తిరగబడేది అప్పుడే. కాబట్టి ఒడ్డున ఉన్నప్పుడే అందరికీ ఒక నియమం పెట్టండి: చేప పడితే కూర్చున్న చోటు నుంచి ఎవరూ కదలరు. పట్టిన మనిషి, చేతి వల పట్టే పడవ మనిషి, వీళ్ళిద్దరికే పని. పిల్లలతో ఒడ్డున ఒకసారి ఉత్తుత్తిగా ఆడించి చూడండి, బాగా గుర్తుంటుంది.

పెద్ద చేపయితే తొందరపడవద్దు. గెడ కొస పైకి ఉంచి దాన్ని అలిసిపోనివ్వండి. దారాన్ని చేతికి చుట్టుకోవద్దు, పెద్ద వాలుగ చేప ఒక్క గుంజు గుంజితే వేలు తెగుతుంది. చేప నీళ్ళలో పక్కకు వాలాక వలను ముందే నీటిలో ముంచి ఉంచి, చేపను వల మీదికి తేవాలి. వలతో చేపను తరిమితే దారం తెగుతుంది. మరీ పెద్దదై పడవను ఊపుతుంటే దారం కోసేయండి.

ముళ్ళు, గాయాలు

జెల్లకు వీపు మీద ఒకటి, పక్క రెక్కల దగ్గర రెండు రంపపు ముళ్ళు ఉంటాయి. తడి గుడ్డతో తల వెనక నుంచి పట్టుకోవాలి, పిల్లలను అసలు ముట్టనివ్వకండి. ముల్లు గుచ్చుకుంటే గాయం కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. అందుకే ఫ్లాస్కులో వేడి నీళ్ళు తీసుకెళ్ళడం మంచి అలవాటు. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా డాక్టరు దగ్గరికి పోవాలి.

ముల్లు నొక్కిన గాలం వేలికి దిగితే వెనక్కి లాగితే వస్తుంది. కంటి దగ్గరో, ముఖం మీదో, లోతుగానో దిగితే దాన్ని కదపకండి. దారం కోసి, కదలకుండా గుడ్డ కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ గాయమైనా టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి.

ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

జానెడు కంటే చిన్న బొచ్చె, రోహు, మోసు పడితే చేతులు తడుపుకుని గాలం తీసి వెంటనే వదిలేయండి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి తర్వాత చచ్చిపోతుంది. శ్రీశైలం నీళ్ళలో సన్న కన్నుల అలివి వలలతో గోరంత పిల్లల్ని కూడా ఊడ్చేస్తున్నారని మత్స్యకారులే మొరపెట్టుకుంటున్నారు. మనం వదిలే పిల్ల చేప రేపు వాళ్ళకే దక్కుతుంది. జిలేబీలను ఎన్నయినా ఉంచుకోవచ్చు, అవి మన నీళ్ళకు బయటి నుంచి వచ్చి విపరీతంగా పెరిగిపోయినవి. పెంపకం నిషేధించిన ఆఫ్రికా మార్పు చేప పడితే దాన్ని తిరిగి నీళ్ళలో వదలకండి. పూటకు సరిపడా దొరికాక గాలం చుట్టేయండి.

తెగిన నైలాన్ దారం ముక్క ఒక్కటి కూడా నీళ్ళలో, ఒడ్డున వదలవద్దు. వీరాపురం చెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకొంగల లాంటి పక్షుల కాళ్ళకు అది చుట్టుకుంటే విప్పుకోలేవు. అన్నీ ఏరి డబ్బాలో వేసి ఇంటికి తెచ్చి, చిన్న ముక్కలుగా కత్తిరించి పారేయండి.

ఇంటికి తెచ్చాక

మన ఎండకు చేప గంటలో పాడవుతుంది. ఉంచుకోవాలనుకున్న దాన్ని తల మీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి చంపి, పొట్ట శుభ్రం చేసి వెంటనే ఐసులో పెట్టండి. నీళ్ళ బకెట్లో ఊపిరాడక కొట్టుకునేలా వదిలితే దానికీ బాధ, మాంసమూ మెత్తబడుతుంది. ఐసు కరిగిన నీళ్ళలో చేప నానకుండా పెట్టె అడుగున ఒక చిల్లి ఉండాలి.

జిలేబీకి పొలుసు తీసి, ఉప్పు, పసుపు, కొంచెం నిమ్మరసం పట్టించి కడిగితే నీచు వాసన పోతుంది. జెల్లకు పొలుసు ఉండదు, ముళ్ళు మూడూ ముందే కోసేసి, బూడిదతోనో రాళ్ళ ఉప్పుతోనో రుద్ది జిగురు పోయేదాకా కడగాలి. చింతపండు పులుసు ముందు బాగా కాగనిచ్చి, కారం పచ్చివాసన పోయాక ముక్కలు వేయండి. ఆ తర్వాత గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పండి, పది పన్నెండు నిమిషాలు చాలు. సంగటి అంతలోపు కెలికి పెట్టుకోండి. పిల్లలకు వడ్డించేటప్పుడు ముక్కలోని సన్న ముళ్ళు మీరే తీసి పెట్టండి, రోహులో అవి ఎక్కువ.